అత్త మొక్కిన తాళంచెవి

ముందుగా ఒక మాట చెప్పేస్తాను, తర్వాత మీరు చదివినా చదవకపోయినా నాకు బాధ లేదు. మీ ఎదురుగా ఎవరైనా ఫిట్స్ వచ్చి పడిపోతే వాళ్ళ చేతిలో తాళాలు పెట్టకండి. నోట్లో చెంచా దూర్చకండి. ఉల్లిపాయ తెచ్చి ముక్కులో పిండకండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, చుట్టూ మూగిన జనాన్ని తరిమేయండి. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం. మన దగ్గర మనిషి పడిపోతే గాలి ఆడకుండా గుంపుగా నిలబడి "గాలి ఆడనీయండప్పా" అని అరవడం ఆనవాయితీ.

నా కుడి అరచేతిలో ఒక మచ్చ ఉంది. మొన్న పెళ్ళిలో చేతిరేఖలు చూసే ఒకాయన ఆ చెయ్యి పట్టుకుని, చాలాసేపు గుణించి, "వాహనయోగం తల్లీ" అన్నాడు. నిజమే. అది నా మోటార్ సైకిల్ తాళంచెవి దిగబడిన గుర్తు.

నా పేరు సుజాత. చిత్తూరులో మాకు మామిడికాయల మండీ ఉంది, నాయన పెట్టింది. నాయన అక్క కొడుకునే చేసుకున్నాను కాబట్టి మా ఆయన నాకు బావ, మా అత్త నాకు మేనత్త. బావ మండీలో కూర్చుని వేలంపాట చూసుకుంటాడు. నేను తోటలు చూస్తాను. పూత మీద తోట కొనడం అంటే ఏమిటో తెలియనివాళ్ళకు చెబుతాను. చెట్టు మీద పూత తప్ప ఇంకేమీ లేనప్పుడే ఈ తోట ఎంత కాస్తుందో అంచనా వేసి రైతుకు మాట ఇచ్చేయడం. ఆ తర్వాత మంచు పట్టినా, తేనెమంచు పురుగు తిన్నా, గాలివాన కొట్టినా నష్టం మనదే. తాత చేశాడు, నాయన చేశాడు, మేం చేస్తున్నాం. దీన్ని మా ఇంట్లో ఎవరూ తెగింపు అనరు, వ్యాపారం అంటారు. ఆ తోటకు నేను మోటార్ సైకిల్ మీద పోతే మాత్రం తెగింపు అంటారు.

బండి నేర్పింది నాయనే. మండీ ఆవరణలో ఖాళీ బుట్టలు ఓ పక్కకు నెట్టించి, తన బండి నా చేతికి ఇచ్చి, "కాలు బ్రేకు మీద ఉండాల, కన్ను దోవ మీద ఉండాల, నోరు మూసుకోని ఉండాల. అంతే బండి తోలడం" అన్నాడు. మూడింటిలో మా ఊళ్ళో మగవాళ్ళకు ఒక్కటీ రాదు. కాలు గాల్లో ఉంటుంది, కన్ను ఫోన్లో ఉంటుంది, నోరు వెనక కూర్చున్నవాడితో ఉంటుంది. హెల్మెట్ సంగతి చెప్పనక్కర్లేదు. పోలీసులు నిలబడే కూడలి వచ్చేసరికి తలకెక్కుతుంది, దాటగానే మోచేతికి దిగుతుంది. మోచేతులు కాపాడుకునే జాతి మనది. మా బావకు నా బండితో పాటు ఇచ్చిన రెండో హెల్మెట్ ఉంది. ఇన్నేళ్ళుగా ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా బీరువా మీద కూర్చుని ఉంది. పెళ్ళిలో ఇచ్చిన వెండి కంచాన్ని కూడా మేం అంత భద్రంగా చూసుకోలేదు.

నేను హెల్మెట్ లేకుండా సందు చివర కొత్తిమీరకు కూడా పోను. అయినా పిచ్చిదాన్ని నేనే. పెద్ద బండి ఎక్కిన ఆడది కాబట్టి.

పూత

ఆ చలికాలంలో బండి మీద పోతుంటే అప్పుడప్పుడు మాడిన వాసన వచ్చేది. పాలూ రబ్బరూ కలిసి మాడినట్టు. క్లచ్ ప్లేట్లు పోతున్నాయనుకున్నాను. మెకానిక్ విప్పి చూసి ప్లేట్లు బాగానే ఉన్నాయన్నాడు. వీడికేం తెలుసని గద్దించి కొత్తవి వేయించాను. వాసన పోలేదు. వాడికి పని రాదని నలుగురికీ చెప్పాను.

ఫిబ్రవరిలో చంద్రగిరి అవతల మునిరెడ్డి తోట చూడడానికి పోయాను. బండి గేటు దగ్గర ఆపి, చెట్ల మధ్యకు నడిచి, తల పైకెత్తి పూత చూస్తున్నాను. పూత గుత్తులు గుత్తులుగా బాగా వచ్చింది. తూనీగలు తిరుగుతున్నాయి. అప్పుడు ఆ వాసన వచ్చింది. బండి ఎక్కడో గేటు దగ్గర ఉంది, ఇంజను ఎప్పుడో చల్లారిపోయింది. మాడుతున్నది బండిలో కాదేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. ఆ అనుమానం పూర్తయ్యేలోపలే పడిపోయాను.

కళ్ళు తెరిచేసరికి నోట్లో మట్టి, నాలుక తెగి రక్తం, పైన ఒక వలయంలా తలకాయలు. కుడి చెయ్యి ఎంత లాగినా విచ్చుకోలేదు. చూస్తే పిడికిలి మూయించి తువ్వాలుతో కట్టేశారు. లోపల నా బండి తాళంచెవి ఉంది. దొరికిన ఇనుము అదే కాబట్టి అదే పెట్టారు. ఫిట్స్‌లో పిడికిలి ఎంత బలంగా బిగుసుకుంటుందో చెప్పనక్కర్లేదు.

"ఇనుము పెట్టినాము గాబట్టి సరిపోయె," అన్నాడు మునిరెడ్డి, తన పని తనకే ముచ్చటగా ఉన్నట్టు. "లేకుంటే యాడికి పోయుండునో పాణం."

అరచేతి నుంచి రక్తం కారుతోంది. ఆయన ముఖంలో వెలుగు చూసి తిట్టడానికి మనసు రాలేదు. ఆయన భార్య మాత్రం తన కొంగు తడిపి నా ముఖం తుడిచింది. తర్వాత నా బట్టలు సర్ది, నేను తడిపేసుకున్న భాగం కనిపించకుండా ఒక దుప్పటి కప్పింది. అంతమందిలో ఆ సంగతి గమనించింది ఆమె ఒక్కతే.

పిందె

చిత్తూరులో చూపించిన మొదటి డాక్టరు నాతో మాట్లాడలేదు. నా పక్కన కూర్చున్న బావతో మాట్లాడాడు. "ఈమెకు ఇంతకుముందు వచ్చిందా? ఈమె బాగా నిద్రపోతుందా?" బావ కూడా నన్ను చూడకుండా, ఆలోచించి ఆలోచించి జవాబులు చెప్పాడు. నేను నిద్రపోతానో లేదో బావకు ఎట్లా తెలుస్తుంది? నాకన్నా ముందు గురక పెట్టేది ఆయనే. స్కాను కాగితాలు చేతిలో పెట్టి తిరుపతికి పొమ్మన్నారు.

తిరుపతిలో ఆ పెద్ద ఆసుపత్రి వరండా గురించి ఒక పుస్తకం రాయొచ్చు. ఇనుప కుర్చీలు, ఒకదానికొకటి బిగించినవి. ఒకరు కదిలితే వరసంతా ఊగుతుంది. పక్కవాళ్ళ జబ్బు మనకు చెప్పకుండా ఉండలేని జనం. "నీకేం వచ్చిందమ్మా?" అని అడిగి, చెప్పగానే "మా పెద్దమ్మ కోడలికి ఇదే వచ్చి పోయింది" అని నిదానంగా అనడం. కాలక్షేపానికి చావు కబుర్లు, మధ్యలో మురుకులు. అయినా నాకు భయం వేసింది. లోపలికి పిలిచేదాకా నా చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్ని ఇంకొకటి పట్టుకుని కూర్చున్నాను.

డాక్టరు చిన్నమ్మాయి. కుర్చీ తిప్పి నా వైపు కూర్చుని, నన్నే అడిగింది. తలలో శనగగింజంత మచ్చ ఉందని, మందులతో పోతుందని చెప్పింది. తర్వాత, "పడిపోయే ముందు ఏమైనా వాసన వచ్చిందా?" అంది.

నాకు నవ్వొచ్చింది. క్లచ్ ప్లేట్ల కథంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. "బండి నడుపుతున్నప్పుడు ఎన్నిసార్లు వచ్చింది?" అంది.

అప్పుడు గుర్తుచేసుకున్నాను. పలమనేరు రోడ్డులో లారీ దాటుతున్నప్పుడు ఒకసారి. బడి వదిలే సమయానికి, రోడ్డు దాటుతున్న పిల్లల ముందు ఒకసారి. మొగిలి ఘాట్ మలుపులో ఒకసారి. ప్రతిసారీ నేను చేసింది ఏమిటంటే మెకానిక్‌ను తిట్టుకోవడం. బావ నా ముఖం చూస్తాడేమోనని, సంచిలో స్కాను కాగితాలు వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

"ఫిట్స్ లేకుండా ఒక ఏడాది గడవాలి. అంతవరకు బండి ముట్టుకోవద్దు. ఆ తర్వాత రండి, మాట్లాడదాం," అంది.

"నా తల, నా ఇష్టం మేడం," అన్నాను. ఎప్పుడూ అనే మాట, అలవాటుగా వచ్చేసింది.

"మీ తలే," అంది ఆమె, మందులు రాస్తూనే. "చెప్పడం నా పని. ఆ పైన మీ ఇష్టం."

అంతే. బెదిరించలేదు, బావ వైపు తిరిగి "చూసుకోండి" అనలేదు. అందుకే ఆమె మాట విన్నాను.

ఇంటికొచ్చాక మొదలైంది అసలు జబ్బు. చుట్టాలు వచ్చారు. ఇరవై ఏళ్ళుగా నా బండిని చూసి పళ్ళు నూరుకుంటున్నవాళ్ళందరికీ దేవుడే స్వయంగా పిలిచి సాక్ష్యం ఇచ్చినట్టయింది. "మేం చెప్పలా" అన్నవాళ్ళే అందరూ. ఫిట్స్‌కూ బండికీ సంబంధం లేదని, తలలో మచ్చ బండి వల్ల రాలేదని చెబితే, "అదేలేమ్మా" అని కాఫీ తాగారు. డాక్టరు ఏడాది అంది. వీళ్ళు జన్మంతా అన్నారు. ఉపదేశం ముగించి, మా ఆడపడుచు కుటుంబం వాకిట్లో ఒకే బండి ఎక్కింది. మొగుడు, ముందు చిన్నోడు, వెనక ఈమె, మధ్యలో పెద్దది. ఒక్క తల మీదా హెల్మెట్ లేదు. పోతూ పోతూ ఆమె వెనక్కి తిరిగి, "జాగ్రత్తగా ఉండు వదినా" అంది.

ఉన్న ఒక్క తాళంచెవి బావ తీసుకుని అత్తకు ఇచ్చాడు. రెండోది బండి కొన్న కొత్తలోనే ఇంట్లో ఎక్కడో మాయమైంది. ఇంజను పాడవకుండా వారానికొకసారి అత్తనడిగి తాళంచెవి తీసుకుని, స్టార్ట్ చేసి, కాసేపు ఉంచి ఆపేవాడు బావ. ఆ మంచితనం ఒకటి ఒప్పుకోవాలి.

తోటలకు ఇప్పుడు బావ వెనక కూర్చుని పోవాలి. హెల్మెట్ పెట్టుకుని నేను వెనక, లేకుండా ఆయన ముందు. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించి, మెడ వంకర పెట్టి, రాంగ్ రూటులో ఎదురు పోతూ, "ఏం గాదులే, దగ్గరే గదా" అంటాడు. జబ్బు లేనివాడి డ్రైవింగ్ అది. దానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

"బావా, ఫోను పెట్టేయ్," అన్నాను ఒకసారి.

"నీకు ఊరికే భయం జాస్తి అయిపోయిండాది ఈ మధ్య," అన్నాడు. "డాక్టరమ్మకు చెప్పాల."

ఏప్రిల్‌లో మళ్ళీ తిరుపతి పోయాం. బావ ఫోను పట్టుకుని బయటికి పోతే, మాత్రలు తేవడానికి నేను లేచాను. పక్కన కూర్చున్న నడివయసు మనిషి నా కుర్చీలో తువ్వాలు వేసి, నేను వచ్చేదాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు. తన దగ్గరున్న మజ్జిగ ప్యాకెట్లలో ఒకటి నాకిచ్చాడు. ఏర్పేడు పక్కన ఆటో నడుపుతాడట, కాలేజీకి పిల్లల్ని తిప్పుతాడట.

"నీకు యాడ వచ్చిందమ్మా?" అన్నాడు.

"మామిడి తోటలో."

"నాకు ఇంట్లోనే వస్తాది. ఆటోలో ఎప్పుడూ రాలా. సామి దయ."

"ఆటో నడపద్దని చెప్పలేదా నీకు?"

"చెబుతారని తెలిసే, తాపీ పని చేస్తానని రాయించినా," అన్నాడు మెల్లగా.

నాకు ఒళ్ళు మండింది. "వెనక పిల్లకాయలు కూర్చోనుంటారు గదన్నా," అన్నాను.

"కూర్చోనుంటారు. నా పిల్లకాయలు ఇంట్లో కూర్చోనుంటారు. ఆటో లేకుంటే వాళ్ళకేం పెట్టేది?" కోపం లేకుండానే అడిగాడు. "నువ్వు తోటకు బండి మీదనే పోవాల్నా? బస్సులో పోతే పూత కనపడదా?"

నా తల నా ఇష్టం అనడానికి నోరు తెరిచాను. అతనూ అదే అంటాడని అర్థమై మూసుకున్నాను. లోపలికి పోయాక అతని సంగతి డాక్టరుకు చెప్పాలా వద్దా అని తన్నుకులాడాను. చెప్పలేదు. చెప్పకపోవడం తప్పా ఒప్పా అని నాకు ఇప్పటికీ తేలలేదు. ఇది చదివి తేల్చేసేవాళ్ళు చాలామంది ఉంటారని మాత్రం తెలుసు.

కోత

జూన్‌లో చిత్తూరు మామిడి వాసన కొడుతుంది. మండీ ముందు ట్రాక్టర్లు బారులు తీరి, అరుపులు, ఈగలు, కుళ్ళిన కాయల మీద జారే కాళ్ళు. ఆ నెలలో మాకు నిద్ర ఉండదు. మాత్రలు వేసుకుంటే మత్తుగా ఉంటోంది, కాయ ముట్టుకుంటే రకం తెలియడం లేదు. సీజను అయ్యేదాకా కదా అని అప్పుడొకటి ఇప్పుడొకటి మానేశాను. చదివేవాళ్ళకు చెబుతున్నాను, మానకండి.

వేలం నడుస్తుండగా వచ్చింది మళ్ళీ, పాలూ రబ్బరూ మాడిన వాసన. ఈసారి గుర్తుపట్టాను. కింద కూర్చోబోయేలోపలే పోయింది స్పృహ.

తర్వాత జరిగింది మా గుమస్తా చెప్పాడు. హమాలీలు, రైతులు, వేలం పాటగాళ్ళు అందరూ మీద పడ్డారట. ఒకడు తాళాలగుత్తి తీశాడట, ఒకడు కాటా పక్కనున్న ఇనుపరాయే తెచ్చాడట. బావ "ఏమన్నా చేయండప్పా" అని నిలబడ్డాడట. అప్పుడే మధ్యాహ్నానికి క్యారియర్ తీసుకొచ్చిన అత్త ఆ గుంపులోకి దూరి, క్యారియర్‌తోనే ఒకడి చేతిమీద కొట్టిందట. "ఇనుము గినుము ఏమీ వద్దు. పక్కకు తిప్పి పండబెట్టమనింది డాక్టరమ్మ. లెయ్యండి అందరూ, తావు ఇయ్యండి," అందట. నన్ను తిప్పి, తల తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట.

తిరుపతికి మొదటిసారి పోయినప్పుడు అత్త కూడా మాతో వచ్చింది. ఫిట్స్ వస్తే ఏం చేయాలో డాక్టరు చెబుతున్నప్పుడు గుమ్మం దగ్గర కొంగు నమలుకుంటూ, ఏమీ విననట్టు నిలబడి ఉంది. నేను కళ్ళు తెరిచినప్పుడు చూసిన మొదటి ముఖం ఆమెది. "మాత్రలు మానేసినావంట గదే, తిక్క ముండా," అంది. అంత తియ్యటి తిట్టు నన్నెవరూ తిట్టలేదు.

అలా ఏడాది మళ్ళీ మొదటికొచ్చింది.

ఆ ఏడాది గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మాత్రలు మింగాను, వేళకు పడుకున్నాను, బావ వీపు చూస్తూ తోటలకు పోయాను. రైతులు నన్ను వదిలేసి బావతో మాట్లాడడం మొదలుపెట్టారు. కాయ గురించి బావకు తెలిసింది రుచి ఒక్కటే. ఆయన తల ఊపిన రెండు తోటలు నిండా ముంచాయి. దాన్ని ఎవరూ జబ్బు అనలేదు. వాసన కోసం గాలి పీల్చి చూసుకోవడం నాకు అలవాటైపోయింది. పక్కింట్లో పాలు పొంగితే చాలు, గోడ పట్టుకుని నిలబడేదాన్ని.

మళ్ళీ కోత

ఫిట్స్ లేకుండా ఏడాది దాటింది. డాక్టరు స్కాను చూసి, మచ్చ లేదంది. మాత్రలు ఇంకొంత కాలం వాడాలంది. "బండి?" అన్నాను. "నడపొచ్చు. నిద్ర లేకపోతే వద్దు, వాసన వస్తే అక్కడే ఆపాలి. మిగతాది మీ ఇష్టం," అంది. ఈసారి ఆమె కొద్దిగా నవ్వింది.

ఇంటికొచ్చి తాళంచెవి కోసం అత్త ముందు చెయ్యి చాపాను. ఆమె తలెత్తకుండా చేటలో పప్పు ఏరుతోంది. బావ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మ మొక్కుకోనుండాది," అన్నాడు. "నువ్వు మండీలో పడిపోయిన దినం. నీకు బాగైతే బండి బీగంచెవి కొండమీద హుండీలో వేస్తానని."

నేను అత్త వైపు తిరిగాను.

"మొక్కుకునేటప్పుడు నీది మొక్కుకో అత్తా," అన్నాను. "నీ గాజులు మొక్కుకో, నీ జుట్టు మొక్కుకో. నా బండి ఎట్ట మొక్కుతావు? అత్త సొమ్ము అల్లుడి దానమా ఇది?"

అత్త పప్పు ఏరుతూనే ఉంది. "మొక్కు మొక్కే," అంది. "తీర్చకుంటే తిరగబెడతాది."

"ఎవరినడిగి మొక్కినావు?"

"నీకు తెలివి లేదు గదా అప్పుడు. ఎవర్ని అడిగేది?"

ఇంత తెలివైన దోపిడీ నేను చూడలేదు. నన్ను బండి దించాలని చుట్టాలు నోరు పారేసుకున్నారు. బావ అమ్మేద్దామని సణిగాడు. వాళ్ళతో పోట్లాడొచ్చు. ఈమె నేరుగా వెంకటేశ్వరస్వామిని తెచ్చి అడ్డం నిలబెట్టింది. తాళంచెవి పోతే కొత్తది చేయించుకోవడం ఎంతసేపు? కానీ మొక్కు తీర్చాక చేయిస్తే, ఆ తర్వాత ఇంట్లో పిల్లికి జలుబు చేసినా నా ఖాతాలోనే పడుతుంది. అన్నిటికన్నా సిగ్గుగా చెప్పుకోవలసింది ఒకటుంది. నాకు దేవుడంటే పెద్ద భయం లేదు, ఫిట్స్ అంటే ఉంది. తిరగబెడతాది అన్న మాట దగ్గర నేను ఓడిపోయాను. "సరే, వెయ్యి. పీడా పోతుంది," అన్నాను.

సీజను అయిపోయాక ముగ్గురం బస్సులో కొండెక్కాం. తాళంచెవి అత్త రవికలో ఉంది. దారి పొడుగునా నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పైకి పోయాక, ఇక్కడే ఉండండి ఇప్పుడే వస్తానని చెప్పి ఆమె ఒక్కతే ఎటో పోయింది. చాలాసేపటికి ఒక గుండు ముసలామె వచ్చి నా పక్కన కూర్చుంది. గుండు నిండా గంధం. జరుగమ్మా అనబోయి చూశాను, అత్త.

ఆమెకు మంచి జుట్టు ఉండేది. ఆ వయసులో కూడా ముడి చేతికి పట్టేది కాదు. ఆ జుట్టంటే ఆమెకు గర్వం, నూనె కూడా ఎవరితోనూ రాయించుకునేది కాదు.

"ఏందత్తా ఇది," అన్నాను.

"నాది గూడా మొక్కినా," అంది. "నువ్వు చెప్పినాక గాదు. ఆ దినమే."

బావ ఫోను జేబులో పెట్టుకుని అటు తిరిగాడు. నేను అన్న మాటలన్నీ, గాజులూ జుట్టూ అల్లుడి దానమూ, వరసగా గుర్తొచ్చాయి. ఆమె అప్పుడే చెప్పి నా నోరు మూయించొచ్చు. చెప్పలేదు.

దర్శనమయ్యాక హుండీ దగ్గర అత్త రవికలోంచి తాళంచెవి తీసి, కళ్ళకద్దుకుని, హుండీకి కట్టిన పెద్ద గుడ్డ నోట్లోకి జారవిడిచింది. వెనకనుంచి జనం తోస్తున్నారు. అది నాణేల మీద పడిన చప్పుడు కూడా నాకు వినిపించలేదు.

మరుసటి రోజు పొద్దున వాకిట్లో బండి తుడుస్తున్నాను. నడపకపోయినా దుమ్ము ఎందుకు అని. అత్త లోపల్నుంచి వచ్చి, ముడి వేసిన పాత గుడ్డ ఒకటి సీటు మీద పెట్టింది. విప్పితే తాళంచెవి. కొత్తది, ఒక్క గీత లేదు.

"యాడిదత్తా ఇది?"

"నువ్వు బండి కొన్న దినమే ఒగటి ఎత్తిపెట్టినా. యాడన్నా పారేసుకోని నడిరోడ్డులో నిలబడతావని."

బండి కొన్న రోజు ఈమె మూడు వీధులకు వినిపించేలా శాపనార్థాలు పెట్టింది. ఆ నోటితో తిడుతూ ఈ చేత్తో రెండో తాళంచెవి దాచిందన్నమాట.

"మరి మొక్కు?" అన్నాను.

"సామికి బీగంచెవి మొక్కినా, బండి మొక్కలా," అంది. "ఆయనది ఆయనకు ఇచ్చేసినా. ఇంగ నీ ఇష్టం."

తాళం తిప్పాను. ఒక్క నొక్కుకు స్టార్ట్ అయింది. హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడు తెలిసింది. ఈ రెండు కోతల కాలమూ నేను చుట్టాలను చూసి, బావను చూసి, ఊరి మోచేతులను చూసి అసహ్యించుకుంటూ గడిపాను. అడ్డం నిలబడేవాళ్ళు ఉన్నంతకాలం నాకు భయపడే తీరిక దొరకలేదు. ఇప్పుడు ఎవరూ అడ్డం లేరు. వాకిలి గేటు తెరిచి ఉంది. నాకు చాలా భయం వేసింది. గాలి పీల్చి చూశాను. పెట్రోలు వాసన, అత్త గుండు మీద గంధం వాసన, అంతే. అయినా కాలు గేరు మీదికి పోవడం లేదు.

బండి ఒక పక్కకు ఒరిగింది. అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నా భుజం ఆసరాగా వెనక ఎక్కి కూర్చుంది. పుట్టిన తర్వాత ఆమె ఆ బండి ఎక్కడం అదే మొదలు.

"పోనీ," అంది.

"దిగత్తా."

"ఏంటికి?"

"ఏంటికంటే ఏం చెప్పేది? నాకేమన్నా అయితే? వయసులో ఉండావా నువ్వు? పడితే ఎముక అతుక్కుంటాదా? దిగు, చెప్పిన మాట విను." అంటూ అంటూనే నా చెవులకు అది బావ గొంతులాగా, మా ఆడపడుచు గొంతులాగా వినిపించింది.

అత్త దిగలేదు. రెండు చేతులతో నా నడుం పట్టుకుంది.

"నా తల, నా ఇష్టం," అంది.



ఇంజను ఆపి, దిగి లోపలికి పోయాను. బీరువా మీదున్న బావ హెల్మెట్ దించి, ప్లాస్టిక్ కవరు చించేశాను. తెచ్చి అత్త గుండుకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించాను. గంధం నా వేళ్ళకంతా అంటుకుంది.

"బిగుతుగా ఉండాది మే," అంది లోపల్నుంచి.

"ఉండాల," అన్నాను.

సందు మలుపు దాకా పోయి తిరిగి వచ్చాం. అంత నెమ్మదిగా నేను బండి ఎప్పుడూ నడపలేదు.